అదే కోడ్, వేరే లెక్క

"నీళ్లు ఎక్కువ తీసేశారు, మనిషి పోయాడు. తీయించినవాడు నా జీపులో ఉన్నాడు. ఇంక మీకిక్కడ పనేటుందమ్మా?"

సైబర్ విభాగం ఎస్సై కామేశ్వరరావు కాశీబుగ్గ డయాలసిస్ కేంద్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగాడు. ప్రమోదిని ఒక కాగితం అందించింది. కేంద్రం డాక్టరు ఇచ్చిన అనుమతి అది. ప్రైవేటు డిటెక్టివ్ ప్రమోదిని వార్డు చూడవచ్చు, సిబ్బందితో మాట్లాడవచ్చు. పోలీసులు సీలు వేసిన కంప్యూటర్‌ని మాత్రం ఎస్సై ఒప్పుకుంటేనే, ఆయన ఎదుటే తాకాలి.

"నేనొప్పుకోను," అన్నాడు ఎస్సై కాగితం తిరిగిస్తూ.

"వార్డు చూశాక అడుగుతాను. అప్పుడు చెప్పండి."

ఆమె ఆయన్ని తప్పుకుని లోపలికి నడిచింది.

పైకి చూస్తే కేసులో చిక్కేమీ లేదు. తూరుపు తీరం ట్రస్టుకి కాశీబుగ్గలో ఒకటి, టెక్కలిలో ఒకటి డయాలసిస్ కేంద్రాలున్నాయి. కిడ్నీలు పాడైన ఉద్దానం మనుషులు వారానికి రెండు మూడుసార్లు వచ్చి, మిషను పక్కన పడుకుని, ఒంట్లో పేరుకున్న నీరు తీయించుకుని వెళ్తారు. ఎవరికి ఎంత నీరు తీయాలో ఒక వెబ్ ప్రోగ్రాం లెక్క కట్టి స్క్రీన్ మీద చూపిస్తుంది. దాన్ని తయారుచేసింది టెక్కలిలో ఉన్న కడలి సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ. ఆమధ్య పిడుగు పడి కాశీబుగ్గ కేంద్రంలో కంప్యూటర్ కాలిపోతే, కంపెనీ ఇంజనీరు విలియం వచ్చి కొత్తది పెట్టి, ప్రోగ్రాం ఎక్కించి వెళ్లాడు. ఆ మర్నాటి నుంచే రోగులు పడిపోవడం మొదలైంది. కవిటి దగ్గర కొబ్బరితోట ఉన్న నారాయణమూర్తి అనే రైతు మంచం మీదే ప్రాణం వదిలాడు. విలియంని అరెస్టు చేశారు.

చిక్కంతా ఒక్కచోటే ఉంది. టెక్కలి కేంద్రంలో నడుస్తున్నదీ అదే ప్రోగ్రాం. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు.

వార్డు తలుపు దగ్గర మగ్దలీన ఎదురొచ్చింది. ఈ కేంద్రంలో హెడ్ నర్సు. విలియంకి సొంత అక్క. ప్రమోదినికి ఫోన్ చేసి రప్పించింది ఆమే.

"ముందే చెబుతున్నాను," అంది ప్రమోదిని. "మీరు తమ్ముణ్ణి కాపాడమని పిలిచారు. నేను నిజం కనుక్కోవడానికి వచ్చాను. ఆ రెండూ ఒకటి కాకపోవచ్చు."

"తెలుసు మేడమ్." మగ్దలీన కళ్లు వాచి ఉన్నాయి. "నారాయణమూర్తి గారికి సూది పెట్టింది నేను. మిషన్లో అంకె నొక్కింది నేను. మా తమ్ముడే తప్పు చేసేడని తేలితే, అక్కాతమ్ముళ్లం కలిసి ఓ మనిషిని చంపీసినట్టే. అదైనా తెలియాల."

"ఆ రోజు స్క్రీన్ మీద ఎంత ఉంది?"

"రెండు లీటర్లు."

"ఎక్కువనిపించలేదా?"

"ఎండలు మేడమ్. ఎండుసేపల కూర తినీసి, సెంబులు సెంబులు నీళ్లు తాగీసి వొచ్చినోళ్లకి మూడు కూడా తీత్తాం. రెండంటే ఎక్కువనిపించలేదు. నాకు తీసివేత రాక కాదు. ఒకరు దిగేసరికి ఇంకొకర్ని ఎక్కించాల. స్క్రీన్ చెప్పింది, నేను నొక్కేను."

"అందరికీ ఎక్కువే చూపించిందా?"

"అదే అర్థం కాట్లేదు. కొందరికి బీపీ పడిపోయింది. కొందరికి నీరు ఒంట్లోనే ఉండిపోయి, ఇంటికెళ్లేక ఆయాసం. కొందరు సుబ్బరంగా ఉన్నారు. ఒకే మిషను మేడమ్, ఒకే రోజు. ఒకడు ఎండిపోయేడు, ఒకడు ఉబ్బిపోయేడు."

ప్రమోదిని భృకుటి ముడిపడింది. ఎవరైనా పగబట్టి లెక్క మారిస్తే అందరికీ ఎక్కువ చేస్తారు, లేదా తక్కువ చేస్తారు. ఇలా రెండువైపులా ఎందుకు పోతుంది?

మొదటి మంచం మీద పోలారావు అనే నడివయసు మనిషి పడుకుని ఉన్నాడు. కిడ్నీ చెడకముందు కొబ్బరికాయలు దింపేవాడు. ఆయాసంగా ఉందా అని ప్రమోదిని అడగ్గానే తల కొద్దిగా పైకెత్తాడు.

"ఇప్పుడు పర్నేదు తల్లీ. మొన్నటిదాకా సచ్చిపోనాననుకో. మిసను మీంచి దిగితే మనిసికి తేలిగ్గుండాల కదేటి? నాకు దిగినాక కూడా గుండెల మీద బండ ఎట్టినట్టుండీది. పడుకుంటే ఊపిరాడదు. గోడకి జేరబడి కూకునేవోణ్ని. ఈ అమ్మతో సెప్తే, మిసను సరిగ్గానే తీసినాది మావా అనీది."

మగ్దలీన తల దించుకుంది.

పోలారావు తలవైపు గోడకి చిన్న తెల్లబోర్డు వేలాడుతోంది. కంప్యూటర్‌కి సీలు పడినప్పటి నుంచి నర్సులు చేత్తోనే లెక్క కడుతున్నారు. అయినా బోర్డుల మీద ఆ కొత్త లెక్క కింద, కంప్యూటర్ చెప్పిన పాత అంకెలు చెరపకుండా వదిలేశారు. కిందటిసారి వచ్చినప్పుడు పోలారావు బరువు 63.8 కిలోలు. నీరంతా పోయాక ఉండాల్సిన బరువు 61.0. తీసిన నీరు 2.0.

ప్రమోదిని మనసులో తీసివేసింది. రెండు పాయింటు ఎనిమిది రావాలి. రెండే తీశారు.

పక్క మంచం దగ్గరికి వెళ్లింది. తీసిన నీరు 3.0. ఆ పక్కన 1.0. ఆ తర్వాత 2.0.

"మగ్దలీన గారూ, పాత కంప్యూటర్ ఉన్నప్పుడు ఈ అంకెలు ఎలా ఉండేవి?"

"ఒక్కొక్కరికీ ఒక్కోలా. రెండు పాయింటు నాలుగు, మూడు పాయింటు ఒకటి..." మగ్దలీన సగంలో ఆగిపోయింది. ఆమె కూడా బోర్డుల వైపు చూసింది. "కొత్తది వొచ్చిన కాణ్నించి అన్నీ సున్నాతోనే ఉన్నాయి. అంకెల్ని సుమారు చేసి చూపిత్తన్నాదేమో అనుకున్నాం."

"సుమారు చేస్తే రెండు పాయింటు ఎనిమిది మూడవ్వాలి. రెండెలా అయింది? నారాయణమూర్తి గారి అంకెలు గుర్తున్నాయా?"

"ఎలా మర్చిపోతాను? యాభై కిలోలు తూగేడు. నలభై ఎనిమిది పాయింటు తొమ్మిదికి దించాల."

ఒకటి పాయింటు ఒకటి తీయాలి. రెండు తీశారు, దాదాపు రెట్టింపు. పోలారావు దగ్గర తగ్గింది, నారాయణమూర్తి దగ్గర పెరిగింది. ఒకే తప్పు రెండు వైపులా ఎలా తిరుగుతుంది? ప్రమోదిని బోర్డుల మధ్య అటూ ఇటూ నడిచింది. పెద్ద వయసువాళ్లకి ఎక్కువ చూపిస్తోందా అని చూసింది. కాదు. ఆడవాళ్లకా? అదీ కాదు. బరువైన వాళ్లకా? ఆ లెక్క రెండో మంచం దగ్గరే కుదరలేదు.

మళ్లీ పోలారావు బోర్డు దగ్గరికి వచ్చి, చుక్క తర్వాత ఉన్న అంకెల మీద వేలు అడ్డం పెట్టింది. 63. 61. తీసివేస్తే రెండు.

నారాయణమూర్తికి 50. 48. తీసివేస్తే రెండు.

చకచకా మిగతా మంచాలన్నీ చూసింది. ప్రతిచోటా సరిపోయింది. ప్రోగ్రాం వచ్చిన జవాబుని సుమారు చేయడం లేదు. తీసివేతకి ముందే ప్రతి బరువులోనూ చుక్క తర్వాత ఉన్నదాన్ని కోసి పారేస్తోంది.

*

కంప్యూటర్ గది వెనకవైపు ఉంది. ఎస్సై కామేశ్వరరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన పక్క కుర్చీలో కడలి సాఫ్ట్‌వేర్ యజమాని సూర్యప్రకాష్, నలగని చొక్కాలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాక్షిగా ఎస్సైయే పిలిపించాడు. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నాడు.

ప్రమోదిని బోర్డుల సంగతి చెప్పింది. ఎస్సై శ్రద్ధగా విని, తల ఊపాడు.

"బాగుంది. తప్పెలా జరిగిందో కనిపెట్టారు. ఆ తప్పు పెట్టినవాణ్ణి నేను పట్టుకున్నాను."

"ఆ కోత కోసే వాక్యం కోడ్‌లో ఎక్కడుంది? చూపించండి."

"కోడ్‌లో లేదు. అదే వాడి తెలివి." ఎస్సై ముందుకు వంగాడు. "నాకు కంప్యూటర్లు రావనుకోకండి. ఈ కోడ్ మొత్తం గిట్‌లో ఉంది. ఎవరు ఏ వాక్యం ఎప్పుడు మార్చారో అది గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి మార్పుకీ ఒక నంబరు ఇస్తుంది. టెక్కలిలో ఉన్న కోడ్ నంబరూ, ఇక్కడి నంబరూ ఒకటే, అక్షరం తేడా లేదు. కానీ ఆ కోడ్ నుంచి తయారైన ఫైలు తీసి మా నిపుణుడు పోల్చితే రెండూ వేరు. కోడ్ ఒకటే, ఫైలు వేరు. ఫైలు తయారుచేసినవాడు విలియం. అప్పుడు ఈ గదిలో వాడొక్కడే ఉన్నాడు. జడ్జి గారికి ఇంకేటి కావాలి?"

ఆ వాదనలో తేలిగ్గా తీసిపారేయగలిగింది ఏదీ లేదు.

"కుర్రాడు మంచోడే మేడమ్," అన్నాడు సూర్యప్రకాష్ మెల్లగా. "కానీ ఆ మధ్య ఉద్యోగం మానేస్తానని నాతో గొడవపడ్డాడు. కోపంలో ఏం చేశాడో మనకేం తెలుసు?"

"విలియంతో మాట్లాడాలి. మీ ఎదుటే."

ఎస్సై కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.

విలియం సన్నగా ఉన్నాడు. గడ్డం పెరిగింది. లోపలికి రాగానే ముందు అక్క కోసం వెతికాడు. తలుపు దగ్గర మగ్దలీన కనబడగానే చూపు తిప్పుకున్నాడు.

"ఈ ప్రోగ్రాంని నీ లాప్‌టాప్‌లో పరీక్షించావా?" అడిగింది ప్రమోదిని.

"చేసేను మేడమ్. రైటే వచ్చింది."

"అరెస్టయ్యాక?"

"ఎస్సై గారి ముందు మళ్లీ చేసేను. అదే కోడ్. అప్పుడూ రైటే. ఇక్కడ మాత్రం తప్పు." అతను తల అడ్డంగా ఊపాడు. "నాకే పిచ్చెక్కిపోతంది. నిద్దట్లో నేనే ఏదో చేసీసి మర్చిపోయానేటి అనిపిత్తంది."

"ఇక్కడ కొత్త కంప్యూటర్‌లో ఏం చేశావు? వరుసగా చెప్పు."

"గిట్ నుంచి కోడ్ దింపేను. బిల్డ్ కొట్టేను. దాంతో ఆ కోడ్ నుంచి ఫైలు తయారైంది. నడిపించేను. తెరమీద ఓ తెలుగు మాటలో అక్షరదోషం ఉంటే, అంతకుముందే సరిచేసి గిట్‌లో పెట్టేను. నా మార్పు అదొక్కటే. టెక్కలిలో కూడా అది ఉంది."

"లాప్‌టాప్‌లో బిల్డ్ ఎలా కొడతావు?"

"అలాగే."

"నెట్ ఉంటుందా?"

"ఉండదు. మా ఇంటికాడ సిగ్నల్ సరిగ్గా రాదు. ఆఫ్‌లైన్లో కొడతాను. లైబ్రరీలన్నీ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి కదా మేడమ్, మళ్లీ దింపక్కర్లేదు."

"ఇక్కడ కొత్త కంప్యూటర్‌లో అవి లేవు."

"లేవు. అన్నీ మళ్లీ దిగేయి."

ప్రమోదిని ఎస్సై వైపు తిరిగింది. "ఇంట్లో వంట రాసిన కాగితం ఒకటుందనుకోండి. 'కొట్టు నుంచి కారం తెచ్చి వెయ్యాలి' అని అందులో ఉంది. కాగితం మారలేదు. కొట్టువాడు కారం మార్చేశాడు. కూర మారుతుందా, మారదా?"

"మారుతుంది. అయితే?"

"గిట్‌లో ఉన్నది కాగితం. కారం లేదు. ప్రతి వాక్యం వీళ్లే రాసుకోరు. ఇదివరకే రాసి పెట్టిన కోడ్ మూటల్ని తెచ్చుకుంటారు. వాటినే లైబ్రరీలంటారు. ఏ లైబ్రరీ కావాలో పేరూ నంబరూ మాత్రమే ప్రాజెక్టులో రాసుకుంటారు. అసలు మూట వేరేచోట ఉంటుంది, బిల్డ్ కొట్టినప్పుడు దిగుతుంది. మీ నిపుణుడు కాగితాలు రెండూ పోల్చాడు. కారం పోల్చాడా?"

"నంబరుంటుందని మీరే అన్నారు కదా. అదే నంబరు అడిగితే అదే సరుకు రావాలి."

"రావాలి. వస్తోందో లేదో చూడాలంటే మీరు సీలు తియ్యాలి."

సూర్యప్రకాష్ ఒళ్లో ఉన్న చేతులు విడదీసి మళ్లీ కలుపుకున్నాడు.

"ఏమీ దొరక్కపోతే," అన్నాడు ఎస్సై, "నా దర్యాప్తుకి అడ్డొచ్చానని రాసిచ్చి, ఈ ఊరొదిలి వెళ్లాలి."

"రాసిస్తాను."

ఎస్సై లేచి తన చేత్తోనే సీలు తెంపాడు. విలియం లాప్‌టాప్‌ని కూడా జీపులోంచి తెప్పించాడు. కొత్త సరుకు దిగకుండా, నెట్ తీగ తగిలించకూడదని ప్రమోదిని ముందే చెప్పింది.

ప్రాజెక్టులో లైబ్రరీల పేర్లున్న ఫైలు తెరిచింది. చాలావరకు అందరూ వాడేవే, పక్కా నంబర్లతో ఉన్నాయి. ఒకటి మాత్రం కడలి సాఫ్ట్‌వేర్ వాళ్లు సొంతంగా రాసుకున్నది. తూకం యంత్రం నుంచి బరువు చదివి లెక్క కట్టడం దాని పని. పేరు కూడా 'తూకం'. నంబరు 1.4-స్నాప్‌షాట్.

ఆ చివరి మాట చూసి ప్రమోదిని నిట్టూర్చింది.

"స్నాప్‌షాట్ అంటే ఇంకా పూర్తికాని సరుకు. పక్కా నంబరైతే ఒకసారి పెట్టాక లోపలిది మార్చకూడదు. స్నాప్‌షాట్ అయితే నంబరు అలాగే ఉంచి లోపలిది ఎన్నిసార్లైనా మార్చవచ్చు. అడిగినవాళ్లకి ఆ రోజు కొట్టులో ఏది ఉంటే అది దిగుతుంది. మనుషుల ప్రాణాల మీద నడిచే ప్రోగ్రాంలో దీన్ని ఎవరు ఉంచారు?"

"నేను చేరకముందు నుంచీ ఉంది మేడమ్," అన్నాడు విలియం. "మార్చేద్దాం సార్ అని అడిగేను. నడుస్తన్నదాన్ని కదపొద్దన్నారు."

లాప్‌టాప్‌లో ఉన్న తూకం ఫైలునీ, ఈ కంప్యూటర్‌లో ఉన్న తూకం ఫైలునీ పక్కపక్కన పెట్టింది. పేరు ఒకటే. నంబరు ఒకటే. సైజు వేరు.

కామేశ్వరరావు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

ప్రమోదిని కొత్త ఫైలు విప్పి, లోపలి కోడ్‌ని చదవగలిగే రూపంలోకి మార్చింది. బరువు చదివే చోట చిన్న ముక్క కనిపించింది. వచ్చిన అంకెలో చుక్క తర్వాతది తీసేసి మిగిలింది ఇస్తోంది. ఆ ముక్కకి పెట్టిన పేరు 'జీడిలాట్'.

"జీడా?" అన్నాడు ఎస్సై. "కిడ్నీ లెక్కలో జీడేటి?"

విలియం తెల్లబోయి చూస్తున్నాడు.

"అది నేను రాసిందే."

తలుపు దగ్గర మగ్దలీన "ఓలమ్మో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"విన్నారా?" ఎస్సై గొంతులో గెలుపు వినిపించింది. "ఇప్పుడేమంటారు మేడమ్?"

ప్రమోదిని చూపు విలియం మీదే నిలిపింది. "ఎందుకు రాశావు?"

"ఇక్కడికోసం కాదు మేడమ్! జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకటి మా కంపెనీకి పనిచ్చింది. ఆడోళ్లు ఒలిచిన పప్పు విడతకో లాట్ చొప్పున తూకం వేసి, కూలి లెక్క కట్టే ప్రోగ్రాం. దానికీ ఈ తూకం లైబ్రరీయే వాడేం. ఫ్యాక్టరీ వాళ్లు, కిలోలు మాత్రం లెక్కెయ్యండి, పైన గ్రాములు వొదిలీయండి అన్నారు. అది పాపం సార్ అన్నాను. ఒలిచినోళ్ల కష్టం కోసీడం కాదేటి అన్నాను. సార్ వినలేదు. గొడవైంది. ఉద్యోగం మానేస్తానన్నది అప్పుడే." విలియం సూర్యప్రకాష్ వైపు చూశాడు. "చివరికి రాసేను. కానీ వేరే నంబరు పెట్టేను. 1.5 అని. ఆస్పత్రిది 1.4 మీదే ఉండిపోతాది, దానికేటీ కాదని... ఒట్టు మేడమ్. అక్క మీద ఒట్టు."

"1.5 లోపలిది 1.4 పేరు మీదికి ఎలా వచ్చింది?"

"నాకు తెలీదు."

ప్రమోదిని అప్పుడు తన ఫోన్ నుంచి కంప్యూటర్‌కి నెట్ ఇచ్చింది. లైబ్రరీలు నిల్వ ఉండే సర్వర్ టెక్కలిలోని కంపెనీ ఆఫీసులో ఉంది. అందులోకి వెళ్లడానికి విలియం తన పాస్‌వర్డ్ చెప్పాడు. అక్కడి చిట్టా ప్రకారం, పిడుగు పడటానికి కొద్దిరోజుల ముందు ఎవరో తూకం 1.4 ని కొత్తగా ఎక్కించారు. ఎక్కించినవాళ్ల పేరు విలియం కాదు, అడ్మిన్.

"అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటుంది?"

అందరూ సూర్యప్రకాష్ వైపే చూస్తున్నారు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎస్సై గారూ, చూడండి... ఫ్యాక్టరీలో కంప్యూటర్ 1.5 తీసుకోలేదు. పాత నంబరే అడుగుతోంది. వాళ్లు తొందరపెట్టారు. నంబరొకటి మార్చి ఎక్కించాను. ఆస్పత్రి కూడా అదే లైబ్రరీ వాడుతుందన్న సంగతి అప్పుడు తట్టలేదు. ఇది పొరపాటు సార్. నా మీద ఒట్టు, నాకు ఇప్పుడే తెలిసింది."

కామేశ్వరరావు కోపం ఎవరి మీదో ఆయనకే తేలనట్టుంది. బరువుగా అన్నాడు.

"పొరపాటే అయ్యుండొచ్చు. కేసు మళ్లీ మొదటి నుంచి చూడాల. నయం, టెక్కలి విషయంలో నేను ముందే జాగ్రత్తపడ్డాను."

ప్రమోదిని చటుక్కున తలెత్తింది. "ఏం జాగ్రత్త?"

"విలియం చివరి మార్పు కంటే ముందున్న కోడ్‌కి వెనక్కి వెళ్లిపొమ్మన్నాను. పాత కోడ్ దింపి మళ్లీ బిల్డ్ కొట్టమని పొద్దున్న వీళ్ల ఆఫీసుకి చెప్పించాను. ఈపాటికి అయిపోయుంటుంది."

"ఎస్సై గారూ!" ఆమె అరిచినంత పనిచేసింది. "పాత కాగితం పట్టుకుని ఇవాళ కొట్టుకి వెళ్లారు! కోడ్ ఎంత పాతదైనా అందులో ఉన్నది తూకం 1.4 స్నాప్‌షాటే. దిగేది మాత్రం ఇప్పుడున్న లైబ్రరీ!"

ఎస్సై ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు.

మగ్దలీన అప్పటికే ఫోన్ తీసింది. టెక్కలి కేంద్రంలో హెడ్ నర్సు రత్నాలమ్మ. ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మూడోసారి చేస్తూ మగ్దలీన గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

"ఏటి మగ్దలీనా, మద్దేనం బేచ్ మిసన్ల మీదుండే టయానికి..."

"రత్నాలక్కా, మిషన్లు ఆపీ! స్క్రీన్ మీద అంకె తప్పు. ఆపీసి చేత్తో లెక్క కట్టు. ముందు ఆపీ, తరవాత చెప్తాను!"

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరినో పేరు పెట్టి పిలిచిన కేక, పరుగులు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. విలియం కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు, ప్రార్థన. కామేశ్వరరావు టేబుల్ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి రత్నాలమ్మ మళ్లీ లైన్లోకి వచ్చింది. రొప్పుతోంది.

"ఆపీసినాం. ఒక ముసలాయనకి సెమటలు పట్టీసి కళ్లు తేలేసినాడు. సెలైన్ ఎక్కించినాం, బీపీ లేత్తంది. ఇంకో ఇద్దరికి అంకె తప్పు. ఇంకా మొదట్లోనే ఉన్నారు, పర్నేదు. యేసయ్య నీ నోట పలికించినాడే తల్లీ. ఇంకాసేపైతే ఏటైపోనో."

మగ్దలీన అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. విలియం కదలబోయి, కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ అడ్డు చెప్పలేదు. వెళ్లి అక్క పక్కన కూర్చున్నాడు.

ప్రమోదిని ఫోన్ అందుకుంది. "రత్నాలమ్మ గారూ, నా పేరు ప్రమోదిని. ఈ బేచ్‌లో ఉన్నవాళ్లందర్నీ చూశారా? ఎవరూ మిగల్లేదు కదా?"

"అందర్నీ సూసినానమ్మా. ఓ మంచం కాళీ. సరోజిని అమ్మగారిది. ఆయమ్మ ఈయేళ రానేదు."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందంట. వాళ్లబ్బాయి పొద్దున్న ఫోన్ సేసినాడు. మా అమ్మని ఈయేళ అంపను, రేపు కాశీబుగ్గ తీసుకెల్తాను, అక్కడ సేత్తో లెక్క కడతన్నారు కదా అన్నాడు. నాకేటీ అర్దం కానేదు. మనకి ఇంత మంచి కంపూటరుండగా సేత్తో ఎందుకు బాబూ అన్నాను. ఫోనెట్టీసినాడు."

ప్రమోదిని గొంతు తగ్గించింది. "వాళ్లబ్బాయి ఎవరు?"

"తెల్దేటమ్మా? సూర్యప్రకాష్ బాబు. ఈ పోగ్రాం సేసినాయనే."

ప్రమోదిని ఫోన్ పెట్టేసింది.

కామేశ్వరరావు నెమ్మదిగా పక్క కుర్చీ వైపు తిరిగాడు. ఆ మొహంలో పోలీసు దర్పం లేదు. మోసపోయిన మనిషి అవమానం మాత్రం ఉంది.

"టెక్కలిలో మళ్లీ బిల్డ్ కొట్టమని నేనన్నప్పుడు," అన్నాడు, ఒక్కొక్క మాటా వేరుచేసి, "ఈ కుర్చీలోనే కూర్చున్నారు. 'మంచి ఆలోచన సార్' అన్నారు. ఒక ఫోన్ చేసుకొస్తానని బయటికెళ్లారు. వద్దంటే గుట్టు బయటపడుతుందని, మీ అమ్మగారొక్కర్నే ఆపి మిగతావాళ్లని వదిలేశారు."

సూర్యప్రకాష్ లేవబోయాడు. ఎస్సై చెయ్యి ఆయన భుజం మీద పడింది.